గేటు కీపరు

ఆదివారం పొద్దున బానెట్ ఎత్తినప్పుడు నేను వాడే గుడ్డ మా ఆయన పాత బనీను. చంకల దగ్గర చిరిగాక ఆయన దాన్ని మంచం మీద పడేస్తాడు, నేను ముక్కలు చేసుకుంటాను. ఒక ముక్క ఇంజన్ ఆయిల్ చూసే కడ్డీకి, ఒకటి బ్యాటరీకి, ఒకటి అద్దాలకి, మిగిలిన పీలిక నా చేతులకి. ఆ కడ్డీని లాగి, తుడిచి, మళ్ళీ లోపలికి దించి, మళ్ళీ లాగి వెలుతురులో పట్టుకుని చూడాలి. మొదటిసారి లాగినప్పుడు కనిపించే మట్టం నిజం కాదు. తుడిచి మళ్ళీ ముంచితేనే అసలు సంగతి తెలుస్తుంది. డ్యాష్‌బోర్డు అరలో ఉండే చిన్న పుస్తకం చదివి నేర్చుకున్న ముక్క ఇది. కాపురాలకి కూడా ఇలాంటి పుస్తకం ఒకటి ఇచ్చి ఉంటే బావుండేదని చాలాసార్లు అనుకున్నాను.

ఆయిల్ అయ్యాక కూలెంట్ డబ్బా. ఆ తర్వాత బ్రేక్ ఆయిల్. అది చిన్న సీసా, పైన ఒక గీత, కింద ఒక గీత ఉంటాయి, ఆయిల్ ఆ రెండు గీతల మధ్యలో ఉండాలి. బ్యాటరీ కొసల దగ్గర తెల్లగా బూజులాంటి పొడి పేరుకుంటే వేడినీళ్ళు పోసి కడగాలి. వైపర్ రబ్బర్లు వేలితో తడిమి చూడాలి. చక్రాలలో గాలి చూడాలి, డిక్కీలో పడుకుని ఉండే స్టెప్నీ చక్రంలో కూడా చూడాలి. అందరూ మర్చిపోయేది దాన్నే. అవసరమొస్తే తప్ప గుర్తురానివాళ్ళ సంగతి నాకు బాగా తెలుసు కాబట్టి, నేను మాత్రం దాన్ని ఎప్పుడూ మర్చిపోను. చివరికి తాళం తిప్పి ఇంజన్ కాసేపు ఆన్‌లో ఉంచుతాను. కదలకుండా పడి ఉంటే బ్యాటరీ చచ్చిపోతుంది. ఇంజన్ చప్పుడు వింటూ డ్రైవర్ సీటు అంచున, ఒక కాలు బయట పెట్టి కూర్చుంటాను. అంతవరకే. కారు నడపడం నాకు రాదు.

రాదు అనే మాట ఈ ఇంట్లో నవ్వులాటగా మారి చాలా కాలమైంది. మా మరిది నన్ను "గేటు కీపరు వదిన" అంటాడు. ఆ పేరుకి రెండు అర్థాలు. మా ఆయన కారు తీసినప్పుడల్లా గేటు తీసి పట్టుకునేది, "రండి, రండి, ఇంకొంచెం, ఆపండి" అంటూ వెనక్కి తీయించేది, తిరిగొచ్చేటప్పుడు హారన్ వింటే పొయ్యి మీద ఏముంటే అది వదిలేసి పరిగెత్తేది నేనే కదా. అది ఒక అర్థం. రెండోది చుట్టాలు వచ్చినప్పుడు అత్తగారు చెప్పే కథ. "మా కోడలు కారు నేర్చుకుంటానని ముచ్చటపడిందమ్మా. వెళ్ళి వెళ్ళి గేటుకి ముద్దు పెట్టింది." అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నవ్వకపోతే 'మొహం మాడ్చుకుంది' అనే ఇంకో కథ మొదలవుతుంది.

ఆ కారు నా పేరు మీదే ఉంది. మా ఆఫీసువాళ్ళు ఉద్యోగులకి తక్కువ వడ్డీకి అప్పిస్తారని తెలిసి, "పేరుకి నీది చేద్దాం" అన్నాడు మా ఆయన. పేరుకి నాది అయింది. నా జీతంలో కోత పడుతూ ఉండేది, నేను బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి ఆఫీసుకి పోతూ ఉండేదాన్ని. "మీ ఆఫీసు నా దారిలో లేదు" అనేవాడు. ఒక్కోసారి సిగ్నల్ దగ్గర నా బస్సు పక్కనే మా కారు ఆగేది. పైనుంచి చూస్తే దాని పైకప్పు తళతళలాడుతూ కనిపించేది. పక్క సీటు ఖాళీగా ఉండేది. నాకు కోపం రావాల్సింది. కానీ వెనక అద్దం మూల పక్షి రెట్ట ఒకటి తుడవకుండా వదిలేశానే అని నా మనసు దాని మీదికి పోయేది. ఇంత పనిమంతురాలిగా ఎందుకు తయారయ్యానో అని ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది.

కారు కొన్న నాలుగో ఏడు, మా అమ్మాయి బడిలో చేరాక, నేర్చుకుంటానని అడిగాను. ఒక సెలవు రోజు ఆయన పక్కన కూర్చున్నాడు. షెడ్డు నుంచి గేటు దాకా మెల్లగా పోనిచ్చి ఆపడం, అదే మొదటి పాఠం. క్లచ్ వదిలాను, బండి కదిలింది. నా చేతుల్లో అంత పెద్ద వస్తువు నా మాట విని కదలడం నాకు అదే మొదటిసారి. గేటు దగ్గరికొచ్చాక బ్రేకు తొక్కాను. మెట్టు ఉందనుకుని అడుగేస్తే లేనట్టుగా కాలు కిందికి దిగిపోయింది. మరుక్షణం పెద్ద చప్పుడు. గేటు ఒక పక్కకి ఒరిగింది, కారు బంపరు ఒక మూల లోపలికి పోయింది. అత్తగారు గుమ్మంలోకి వచ్చారు. "నేను బ్రేకే తొక్కానండీ" అన్నాను. "అందరూ అదే అంటారు. నువ్వు తొక్కింది యాక్సిలరేటరు. కంగారులో తెలీదు" అన్నాడు. కాదని గట్టిగా అనలేకపోయాను. ఆయనకి అప్పటికే ఎన్నో ఏళ్ళ అలవాటు, నాకేమో అదే తొలిరోజు. ఆయన మాట నమ్మాను, నా కాలిని నమ్మలేదు.

మర్నాడు నేను ఆఫీసుకి వెళ్ళాక మెకానిక్ వచ్చి బండి తీసుకెళ్ళాడట. కొత్త రంగు వేసుకుని తిరిగొచ్చింది. "అయిపోయింది. ఇక దాని జోలికి రాకు, నీకు అచ్చిరాదు" అన్నాడు మా ఆయన. ఆ తర్వాతి ఆదివారమే నేను బానెట్ ఎత్తడం మొదలుపెట్టాను. పాడుచేసినదాన్ని కాబట్టి బాగు చూసుకోవడమైనా నా వంతు అనుకున్నాను. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ వద్దనలేదు. కొన్నాళ్ళకి అది కూడా గిన్నెలూ బట్టలూ లాగా నా పనుల్లో కలిసిపోయింది. ఆఫీసులో మాత్రం "మీవారు కారుని ఎంత శ్రద్ధగా చూసుకుంటారండీ" అనేవాళ్ళు. మా ఆయన స్నేహితులు కూడా అదే మాట ఆయనతో అనేవాళ్ళు. "ఇవన్నీ మనకి వెన్నతో పెట్టిన విద్య" అనేవాడు.

పుస్తకంలో బ్రేక్ ఆయిల్ గురించి చదివాక ఒకసారి అడిగాను. "ఆ రోజు సీసాలో బ్రేక్ ఆయిల్ ఉందా అండీ? అది అయిపోతే పెడల్ కిందికి పోతుందట." ఆయన పేపరు దించకుండానే, "ఇంకా గేటు దగ్గరే ఉన్నావా?" అన్నాడు. మా అమ్మాయి పెద్దదయ్యాక తనకి నేర్పమని అడిగితే, "మీ అమ్మనడుగు, గేటు ఎలా గుద్దాలో నేర్పిస్తుంది" అన్నాడు. అది పగలబడి నవ్వింది. అది నవ్వినందుకు కాదు నా బాధ. ఆ తర్వాత అది ఇక అడగలేదు.

ఇవన్నీ మింగేశాను. మింగలేనిది ఒకటుంది.

మా అమ్మ పక్క జిల్లాలో అక్క దగ్గర ఉండేది. కారు కొన్నప్పుడు వచ్చి, చుట్టూ తిరిగి చూసి, "ఎప్పుడో ఒకసారి నువ్వు నడుపుతుంటే నేను పక్కన కూర్చోవాలే" అంది. గేటు సంగతి తెలిశాక మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, నేను నొచ్చుకుంటానని. అమ్మని ఆసుపత్రిలో చేర్చారని, పరిస్థితి బాగాలేదని అక్క ఫోన్ చేసింది ఒక మధ్యాహ్నం. మా ఆయన ఆఫీసు పని మీద రైల్లో ఊరెళ్ళాడు. టాక్సీ కోసం ఫోన్లు చేస్తే అంత దూరం ఎవరూ రామన్నారు. కారు షెడ్డులో ఉంది. ట్యాంకు నిండా పెట్రోలు, చక్రాలలో గాలి, కడిగిన అద్దాలు, అన్నీ సిద్ధం. అన్నీ నేను సిద్ధం చేసినవే. తాళం మేకుకి వేలాడుతోంది.

తీసుకున్నాను. డ్రైవర్ సీట్లో రెండు కాళ్ళూ లోపల పెట్టి కూర్చున్నాను. ఇంజన్ ఆన్ చేశాను, ఒక్క తిప్పుకే అందుకుంది. ఎదురుగా గేటు. అత్తగారు కిటికీలోంచి, "వద్దమ్మాయ్, వాడొచ్చేదాకా ఆగు, ఇంకేదైనా అయితే ఎవరిది పూచీ" అన్నారు. ఆవిడ అనకపోయినా నా కాలు క్లచ్ మీంచి లేవలేదు. ఆ గేటు దాటినా, దాని తర్వాత రోడ్డుంది, రోడ్డు మీద పిల్లలుంటారు, నేను మళ్ళీ బ్రేకు అనుకుని ఇంకోటి తొక్కుతాను. ఇంజన్ ఆపేశాను. తాళం మేకుకి తగిలించి బస్టాండుకి నడిచాను. ఒక బస్సు దిగి ఇంకో బస్సు ఎక్కాను. రెండోది దారిలో ప్రతి ఊళ్ళోనూ ఆగింది. నేను ఆసుపత్రి మెట్లెక్కేసరికి పొద్దు వాలుతోంది. అక్క వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది, లేవలేదు. "ఇందాకటిదాకా అడుగుతూనే ఉందే. చిన్నది వచ్చిందా, చిన్నది వచ్చిందా అని" అంది.

మా ఆయన వచ్చి చాలా బాధపడ్డాడు. "కారుండి ఏం లాభం, సమయానికి నేను లేకపోతిని" అన్నాడు. నేనే ఆయన్ని ఓదార్చాను.

ఇక ఈ ఆదివారం సంగతి. మా ఆయనకి ఎత్తుగా ఉండే పెద్ద కారు మీద మనసు పడింది. ఇది అమ్మేద్దామన్నాడు. నా మనసులో ఏదో కొంచెం కలుక్కుమంది. చంటిపిల్లని కడిగినట్టు కడిగి పెట్టాను. కొనడానికి ఒక బ్యాంకాయన వచ్చాడు, కళ్ళజోడు, నెమ్మదైన మాట. "మా అమ్మాయికి ఉద్యోగం వచ్చిందండీ. నేర్చుకోవడానికి పాత బండి అయితే మంచిదని. ఎలాగూ రెండు మూడుసార్లు ఎక్కడో ఒకచోట గుద్దుతుంది కదా, అది మామూలే" అన్నాడు. మంచినీళ్ళ గ్లాసులు పట్టుకుని నిలబడ్డాను. అది మామూలే అనే మాట ఒక తండ్రి నోట అంత తేలిగ్గా వస్తుందని నాకు తెలీదు.

బానెట్ ఎత్తి చూసి ఆయన ముచ్చటపడ్డాడు. "ఎవరు చూసుకుంటారండీ ఇంత శుభ్రంగా?" అన్నాడు. "వెన్నతో పెట్టిన విద్యండీ మనకి" అన్నాడు మా ఆయన. నా గోళ్ళ సందుల్లో ఇంకా నల్లగానే ఉంది. గ్లాసు అందిస్తూ వేళ్ళు ముడుచుకున్నాను, సిగ్గుపడాల్సింది నేనే అయినట్టు.

"సింగిల్ హ్యాండేనా?" అన్నాడు బ్యాంకాయన. ఒకే మనిషి చేతి మీద నడిచిన బండేనా అని.

"పక్కా సింగిల్ హ్యాండ్. నేను తప్ప ఇంకో చెయ్యి పడలేదు" అన్నాడు మా ఆయన.

బ్యాంకాయన ముందుకెళ్ళి వంగి బంపరుని వేలితో రుద్ది చూశాడు. "ఇక్కడ రంగు తేడాగా ఉందే. దేనికైనా గుద్దారా? మా అమ్మాయి కొత్త కదండీ, బ్రేకుల విషయంలోనే నా భయమంతా" అన్నాడు.

మా ఆయన నవ్వాడు. గేటు కథ వస్తుందని నేను మామూలుగా నా నవ్వు సిద్ధం చేసుకున్నాను. కానీ బేరం దగ్గర ఆ కథ పనికిరాదు కదా, వేరేది వచ్చింది. "బ్రేకులకి ఢోకా లేదండీ. అదొక పెద్ద కథ. అప్పట్లో పనుల హడావుడిలో సర్వీసింగు కొన్నిసార్లు తప్పింది. బ్రేక్ ఆయిల్ లీకైపోయి పెడల్ నేలకి తగిలేది. సరిగ్గా అప్పుడే మా ఆవిడ నేర్చుకుంటానని ఎక్కి గేటుకి కొట్టింది. నడిపినవాళ్ళ తప్పేం కాదు, అలాంటి బ్రేకులతో ఎవరైనా కొడతారు, గేటు దగ్గర కాబట్టి సరిపోయింది, రోడ్డెక్కుంటే మనిషి దక్కేది కాదు అన్నాడు మెకానిక్. మొత్తం కొత్తవి వేయించేశాను. ఇప్పుడు మీ అమ్మాయి కళ్ళు మూసుకుని నడపొచ్చు."

ఎంత సాఫీగా చెప్పాడో. ఎక్కడా తడుముకోలేదు. అన్నేళ్ళుగా ఆ నిజం ఆయన దగ్గర పదిలంగా ఉంది. నాకు చెప్పాల్సిన అవసరం రాలేదు, బేరం తెగడానికి అవసరమొచ్చింది.

"మెకానిక్ ఆ రోజే చెప్పాడా?" అన్నాను.

"ఆఁ, ఏదో అన్నాడులే. ఇప్పుడెందుకవన్నీ" అని, బ్యాంకాయన వైపు తిరిగి, "ఒక రౌండు తిప్పి చూస్తారా? తాళం ఇవ్వవోయ్" అన్నాడు.

తాళం నా చేతిలోనే ఉంది. ఆ చేత్తో ఎన్నిసార్లు ఆ బ్రేక్ ఆయిల్ సీసాని తుడిచి గీతలు చూశానో. ఏ లోటు వల్ల నా మీద ఆ పేరు పడిందో, ఆ లోటు మళ్ళీ రాకుండా ప్రతి ఆదివారం కాపలా కాశాను, నా కోసం కాదు, ఆయన కోసం. నేను తొక్కింది యాక్సిలరేటరని ఆ రోజు ఆయన దబాయించినందుకు నాకు అంత బాధ అనిపించలేదు. ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది. ఒక్క తిప్పుకే అందుకున్న ఇంజన్, నిండు ట్యాంకు, ఎదురుగా గేటు. చిన్నది వచ్చిందా.

"క్షమించండి, బండి అమ్మడం లేదు" అన్నాను బ్యాంకాయనతో. "మీ అమ్మాయికి ఇంకోటి చూడండి. రెండు మూడుసార్లు గుద్దితే మీరన్నట్టే అనండి, మామూలే అని." ఆయన మా ఇద్దరి మొహాలూ చూసి, మంచినీళ్ళు పూర్తిగా తాగి, మర్యాదగా వెళ్ళిపోయాడు. బండి నా పేరు మీద ఉందని మా ఆయనకి అప్పుడు గుర్తొచ్చినట్టుంది, ఆపలేదు.

ఆ తర్వాత ఇంట్లో గొడవ జరగలేదు. జరిగితే బావుండేది. "ఎప్పటి సంగతో పట్టుకుని ఇంత చిన్నదానికి నలుగురిలో పరువు తీస్తావా?" అన్నాడు. "నేను సరదాకి అన్నవి అవన్నీ" అన్నాడు. "పోనీ అప్పుడు చెప్పి ఉంటే ఏం ఒరిగేది?" అన్నాడు.

"అమ్మ దగ్గరికి వెళ్ళేదాన్ని" అన్నాను.

ఆయన పేపరు తీసుకున్నాడు, పేజీ తిప్పలేదు. అత్తగారు వంటింట్లోకి నా వెనకాలే వచ్చి, గొంతు తగ్గించి, "వాడు నాతో అప్పుడే చెప్పాడమ్మాయ్. సర్వీసింగు మర్చిపోయానని నీ దగ్గర ఎలా ఒప్పుకుంటాడు, మగపిల్లాడు. అందుకే నేనూ నవ్వేసి ఊరుకున్నా" అన్నారు. ఆవిడ నన్ను ఓదారుస్తున్నాననే అనుకున్నారు. నేను పళ్ళేలు కడుగుతూ ఉండిపోయాను. నాకు ఆవిడ మీద కన్నా నా మీదే జాలేసింది. ఆ నవ్వులన్నిటిలోనూ నా నవ్వు కూడా ఉంది కదా.

మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ డ్రైవింగ్ స్కూల్లో మాట్లాడాను. మా సొంత బండి మీదే నేర్పమన్నాను. ఈ పొద్దున ఒక పెద్దాయన వచ్చాడు, పక్క సీట్లో కూర్చుని, "తొందరేం లేదమ్మా, ముందు సీటు సర్దుకోండి" అన్నాడు.

సీటు మా ఆయన కాళ్ళ పొడుగుకి వెనక్కి ఉంది. కొన్న నాటి నుంచీ అక్కడే ఉంది. దాని కింద ఎన్నిసార్లు చీపురు పెట్టి ఊడ్చానో, సీటుని జరిపే ఇనప కమ్మీ ఎక్కడుందో చూడకుండానే దొరికింది. ఎత్తి ముందుకి లాగాను. అంతకాలం కదలని సీటు కదా, మొదట మొరాయించింది, తర్వాత జరిగింది. కాళ్ళు సాగదీయకుండానే అందాయి. బ్రేకు మీద పాదం పెట్టి తొక్కాను. గట్టిగా నిలబడింది, కిందికి పోలేదు. ఆ రోజు కూడా నా పాదం దాని మీదే ఉంది. దాని మీదే ఉంది. కళ్ళు మసకబారాయి, నేర్పే పెద్దాయన అద్దం తుడుస్తున్నట్టు అటు తిరిగాడు.

ఇప్పుడు నేర్చుకుని ఎక్కడికి వెళ్తాను, నాకు తెలీదు. నేను వచ్చానా అని అడిగే మనిషి ఆ ఊళ్ళో లేదు. ఎంత బాగా నడిపినా ఆ మధ్యాహ్నానికి చేరుకోలేను. పక్క సీట్లో కూర్చోవాలనుకున్న ఆవిడ కూర్చోకుండానే వెళ్ళిపోయింది.

తాళం తిప్పాను. ఎదురుగా గేటు మూసే ఉంది. మా ఆయన గుమ్మంలో కాఫీ కప్పుతో నిలబడి చూస్తున్నాడు, ఏం చెయ్యాలో తెలియని మనిషిలా. కిటికీ అద్దం దించాను.

"గేటు తీయండి" అన్నాను.